సాక్ష్యం చెప్పాక

రత్నమణి మీద ప్రేమజ్యోతికి అనుమానం పుట్టింది మోకాళ్ల ప్రార్థన దగ్గర.

ఆడవాళ్లందరూ చాప మీద మోకరించారు. రత్నమణి మాత్రం గోడ పట్టుకుని నిలబడే ఆమేన్ అంది. ఏళ్లనాటి పొత్తికడుపు నొప్పిని ప్రభువు ఒక్క రాత్రిలో తీసేశాడని మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పి నెల కూడా కాలేదు. కోడుమూరు చర్చంతా చప్పట్లు కొట్టింది. పాస్టరుగారు చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఆ సంగతే చెబుతున్నారు. ఇప్పుడది అబద్ధమని తేలితే రత్నమణి మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?

ప్రేమజ్యోతి ఊరుకునే రకం కాదు. నిజంగా తగ్గిందా లేదా? అది తేలేదాకా ఆమెకు నిద్ర పట్టేలా లేదు.

శనక్కాయలు ఒలిచే పనిలో కావాలనే రత్నమణి పక్కన చేరింది. రత్నమణి కాసేపు ఈ పక్కకు ఒరిగి కూర్చుంటుంది, కాసేపు ఆ పక్కకు. మాటిమాటికీ బాత్రూముకు లేస్తుంది. ఆటో దిగేటప్పుడు ముందు రెండు కాళ్లూ కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, అప్పుడు లేస్తుంది. మిగతావాళ్లకు ఇవేవీ పట్టలేదు. ప్రేమజ్యోతి కళ్లు ఒక్కటీ వదల్లేదు.

బాగుండావా అని అడిగితే రత్నమణి నవ్వేసింది.

"దేవుని కృప, శానా బాగుండా అక్కా."

ఆ నవ్వు చూసి ప్రేమజ్యోతికి ఒళ్లు మండింది.

ఆదివారం రత్నమణి చర్చికి రాలేదు. మొగుడికి జ్వరమని కబురు పంపింది. ఆ మొగుడేమో ప్రేమజ్యోతి చర్చికి వచ్చేటప్పుడు బజార్లో నిమ్మళంగా టీ తాగుతూ కనిపించాడు. ఇంకేం కావాలి? ప్రేమజ్యోతి ప్రసంగం మధ్యలోనే లేచి, తిన్నగా రత్నమణి ఇంటికి వెళ్లి, తట్టకుండా తలుపు తోసింది.

రత్నమణి మంచం మీద ముడుచుకుని ఉంది. పొట్ట మీద వేడినీళ్ల సంచి. తలగడ పక్కన మాత్రలు. గబుక్కున సంచిని దుప్పటి కిందికి తోసింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. ఏడ్చేసింది. తగ్గిన మాట నిజమేననీ, వారం తిరక్కుండా మళ్లీ తిరగబెట్టిందనీ, ఎవరికీ తెలియకుండా కర్నూలులో ఒక డాక్టరమ్మకు చూపించుకుంటున్నాననీ ఒప్పుకుంది.

"పాస్టరయ్యకు చెప్పొద్దు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

ప్రేమజ్యోతి వెనక్కి వెళ్లి తలుపు గడియ వేసి వచ్చింది.

"నీకంటే ముందు అదే మైకులో అదే సాక్ష్యం చెప్పినదాన్ని, సిగ్గుతో మూడేండ్ల నుంచి ఆస్పత్రి మొగం చూడల్యా, ఈసారి పోయేటప్పుడు నన్నూ తోడుకోని పో మణీ."