గురకకు సున్నా మార్కులు

ఉదయం పదకొండు గంటలకు, ఫార్మసీ విభాగం సమావేశపు గదిలో, పరిశోధకుడి మామగారు సమీక్షా కమిటీ ఎదుట కుర్చీలో కూర్చుని నిద్రపోయారు. కాసేపటికి గురక మొదలైంది.

బల్ల మీద మాత్రల సీసాల పక్కనున్న నీళ్ళ గ్లాసు మూత టకటకలాడింది. పక్క ల్యాబులోంచి ఒకరు తలుపు తీసి, మోటారు ఎవరు వేశారని అడిగి, చూసి, తలుపు మూసేశారు.

కమిటీ అధ్యక్షురాలు ఆవలింత ఆపుకుని, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది.

"గురక పూర్తిగా పోయిందని నువ్వు రాసిన పెద్దమనిషి ఈయనేనా?"

"ఈయనే మేడం," అన్నాడు పరిశోధకుడు.

"మరి ఈ చప్పుడేంటి?"

పరిశోధకుడు పక్కనున్న తన గైడు వంక చూశాడు. గైడు ఫ్యాను వంక చూశాడు.

పరిశోధన గురక మాత్ర మీద. ఈ పూట కమిటీ ఒప్పుకుంటే ముందుకు సాగుతుంది, లేదంటే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు. మాత్ర ఇచ్చినవాళ్ళలో ఎవరికీ గురక వీసమెత్తు కూడా తగ్గలేదు. మామగారికి మాత్రం మొదటి రాత్రి నుంచీ గురక మార్కులు సున్నా. ఆ సున్నా మనిషిని ఒకసారి తీసుకురమ్మని కమిటీయే అడిగింది.

"మందు రాత్రిపూట పనిచేస్తుంది మేడం. ఇది పగలు కదా."

"గొంతుకి రాత్రీ పగలూ తెలుస్తాయా?"

"తెల్లవారుజామునే బయల్దేరారు. అలసట..."

"నేను రాత్రంతా కన్ను మూయలేదు. అయినా కూర్చున్నానా లేదా? గురక మందులంటే నాకు చెప్పకయ్యా. మా ఇంట్లో ఒక అలమర నిండా ఉన్నాయి. ఒక్కటీ పనిచెయ్యదు. అయినా సొంత మామగారి మీద పరీక్షేంటి?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా మేడం."

"ఇంట గెలిచింది నువ్వు కాదు, ఆయన. సున్నా వేసిందెవరు?"

"మా అత్తయ్య. ఎవరి గురక వాళ్ళకి వినపడదు కదండీ. అందుకని పక్కన పడుకునేవాళ్ళే పొద్దున లేచి మార్కులు వెయ్యాలి. అదీ పద్ధతి."

"పిలువు."

వరండాలో బెంచీ మీద కూర్చున్న అత్తగారు లోపలికి వచ్చి భర్త పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆయన్ని లేపలేదు.

"అమ్మా, నిజం చెప్పండి. అల్లుడి మీద ప్రేమకొద్దీ వేశారా ఈ సున్నాలు?"

"ప్రేమ ప్రేమే, మార్కులు మార్కులే. అల్లుడుగారు కాఫీ పెడితే ఏనాడైనా బాగుందన్నానేమో అడగండి."

"అనలేదు మేడం," అన్నాడు పరిశోధకుడు.

"మరి ఇదేంటి?" అధ్యక్షురాలు మామగారి వైపు చెయ్యి చూపించింది.

అత్తగారు భర్తను ఒకసారి పరికించారు. "ఇది పగటి సంగతి. రాత్రిపూట ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒట్టు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా నా చెవిన పడలేదు."

అధ్యక్షురాలు పెన్నుతో బల్ల మీద కొట్టింది. మామగారు ఉలిక్కిపడి లేచారు.

"నేను ఒప్పుకుంటున్నాను," అన్నారు.

"ఏం ఒప్పుకుంటున్నారు?"

"మా ఆవిడ ఏదంటే అది."

"మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడుగుతున్నాను."

మామగారు భార్య వైపు చూశారు. ఆవిడ చేతిసంచి జిప్పు సర్దుకుంటున్నారు.

"ఏదీ, ఆ లావుపాటిదా? అది నా గొంతు దిగదండీ. మొదటి రోజే ఉమ్మేశాను."

పరిశోధకుడు నిలబడినవాడు కూర్చున్నాడు. గైడు తన కుర్చీని జానెడు అవతలికి జరుపుకున్నాడు.

"మరి సీసా ఖాళీ అయి వచ్చిందే! మాత్రలన్నీ ఏమయ్యాయి?" అంది అధ్యక్షురాలు.

"అత్తయ్యా?" అన్నాడు పరిశోధకుడు.

"అలా గుడ్లప్పగించి చూస్తారేంటి బాబూ? మీరు రెక్కలు ముక్కలు చేసుకుని తయారుచేసిన మందు పారేస్తామా? ఆయన వద్దంటే నేను వేసుకుంటున్నాను. పడుకోబోయే ముందు, మీరు చెప్పిన టైముకే."

"మీరా? వేసుకుంటే మీకేమైంది?" అంది అధ్యక్షురాలు.

"నాకేమవుతుంది? బంగారంలాంటి మందు. దుప్పటి కప్పుకోవడమే గుర్తు, మళ్ళీ తెల్లారాకే మెలకువ. ఇల్లు కూలినా తెలీదు. ఆ రోజుతో ఈయన గురకా సరి."

మామగారు మళ్ళీ నిద్రలోకి జారుకున్నారు. గ్లాసు మూత టకటకలాడింది.

కమిటీ మాట్లాడుకోవాలని అధ్యక్షురాలు అందర్నీ బయటికి పంపింది. మామగారిని ఇద్దరు పట్టుకుని నడిపించాల్సి వచ్చింది.

"మందుల షాపు పెట్టుకో," అన్నాడు గైడు వరండాలో. "నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకు."

"మంచి మాట చెప్పారు," అన్నారు అత్తగారు. "షాపు పెడితే మొదటి బేరం నాదే బాబూ. సీసా అయిపోయింది."

తలుపు తెరుచుకుంది. అధ్యక్షురాలు చేతిసంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. పరిశోధకుడు లేచి నిలబడ్డాడు.

"రద్దు చెయ్యడం లేదు. కానివ్వు," అంది. "మందు మార్చక్కర్లేదు. మింగే మనిషిని మార్చు."

భోజనానికి ఉండమని గైడు ఆవిడ వెంటపడ్డాడు. ఇంటికి తొందరగా వెళ్ళాలంది.

పరిశోధకుడు తన సామాను తెచ్చుకుందామని గదిలోకి వెళ్ళాడు. బల్ల మీద గ్లాసు ఉంది. కమిటీకి చూపించడానికి పెట్టిన మాత్రల సీసాలు లేవు. వరండాలోకి పరుగెత్తుకొచ్చి చూశాడు. అధ్యక్షురాలు మెట్లు దిగుతోంది. మెట్టుమెట్టుకీ ఆవిడ చేతిసంచి గలగలలాడుతోంది.