మాట స్పష్టంగా లేదు

మూడోసారీ అదే మెసేజ్ వచ్చింది. "మాట స్పష్టంగా లేదు. పిల్లలకు అర్థం కావడం లేదు. మళ్ళీ చేసి పంపండి."

వీడియో ఎడిటర్‌కు ఒళ్ళు మండింది. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ఆ పాఠాన్ని మొదటినుంచీ చివరిదాకా విన్నాడు. టీచరమ్మ గొంతు గంటలా ఖంగుమంటోంది. ఎక్కడా గరగర లేదు, తెగడం లేదు.

మెసేజ్ పెట్టింది బడి వార్డెన్. ఆవిణ్ణి అతనింకా చూడలేదు. ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన పని. ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తదు. కట్ చేసి మెసేజ్ పెడుతుంది. నోటితో చెబితే ఎక్కడ దొరికిపోతానోనని భయం కాబోలు అనుకున్నాడు. మొత్తం నలభై పాఠాలు. ఎదురు సందులో కొత్త స్టూడియోవాడు ఈ పనికోసం కాచుకుని ఉన్నాడు. వంకలు పెట్టి వాడికి కట్టబెట్టే ఎత్తు ఇది, సందేహం లేదు.

పక్క కంప్యూటర్ ముందు కూర్చున్న భార్య తల తిప్పింది. "వీడియో ఫైలు ఫాస్ట్ సెట్టింగ్‌లో తయారుచేశారు కదండీ, కదిలేచోట బొమ్మ అలుక్కుపోతోంది. ఒక్కటి స్లోలో పెట్టి చూడండి."

"స్లోలో పెడితే ఒక్కో పాఠం తయారవడానికి మూడు గంటలు. సోమవారానికి ఎలా ఇస్తాను? అయినా ఆవిడ గోలంతా మాట గురించి. సెట్టింగ్ ఏదైనా గొంతు మారదుగా."

మధ్యాహ్నం లాప్‌టాప్‌తో పాటు పెద్ద స్పీకర్‌ని కూడా స్కూటర్‌కు కట్టుకుని బయల్దేరాడు. అందరి ముందూ వినిపించి ఆవిడ నోరు మూయించాలి.

బడి వెనక గేటు దగ్గరే వార్డెన్ ఎదురైంది. నమస్కారం పెడితే తిరిగి పెట్టిందే గానీ పెదవి విప్పలేదు. వచ్చిన పని చెబుతుంటే రెప్ప వెయ్యకుండా అతని మొహంలోకే చూసింది. తప్పు చేసినవాళ్ళ వాలకం అనుకున్నాడు. ఆవిడ నేరుగా క్లాసులోకి దారి తీసింది.

ఇరవైమంది పిల్లలు. గోడమీది తెరకు లాప్‌టాప్ కలిపి, పాఠం పెట్టి, స్పీకర్ సౌండ్ చివరికంటా పెంచాడు. కిటికీ అద్దాలు అదిరాయి. ఏమైందోనని పక్క గదిలోంచి గుమస్తా పరుగెత్తుకొచ్చాడు.

"ఇంతకన్నా స్పష్టంగా ఎవరిస్తారో చెప్పండి మేడమ్," అన్నాడు ఎడిటర్.

ముందు బెంచీలోని పాప లేచి, అంత మోతా తనకు పట్టనట్టే తెర దగ్గరికి నడిచి, అక్కడ అలుక్కుపోయి కదులుతున్న టీచరమ్మ వేళ్ళను చూపించి, మాట కనబడటం లేదని తన వేళ్ళతోనే అతనికి చెప్పింది.