కన్నవాళ్ల మాట

"నాకేం వద్దు. అవతలికి పో!"

చూ దెషెంగ్ విసిరేసిన ఆవిరి రొట్టె ఐసీయూ వరండాలో దొర్లుకుంటూ పోయింది.

అది ఇచ్చిన ఆడమనిషి కోప్పడలేదు. వంగి తీసింది. పైపొర ఒలిచి మళ్లీ చేతిలో పెట్టింది.

"తిను అన్నయ్యా. నువ్వూ పడిపోతే లోపలున్న బిడ్డకు దిక్కెవరు?"

ఈసారి తిన్నాడు.

అతని కొడుకు పిన్, ఇళ్ల కట్టుబడి పనిలో పైనుంచి పడ్డాడు. గుండె కొట్టుకుంటోంది గానీ మెదడు చచ్చిపోయిందన్నారు. తల్లి లేని పిల్లాణ్ణి తండ్రే తల్లై పెంచాడు.

ఆవిడ అతనికంటే ముందునుంచే ఆ వరండాలో చాప వేసుకుని ఉంటోంది. అతనికి వేణ్ణీళ్లు తెచ్చిపెట్టేది. అతను కునుకు తీస్తే, డాక్టరు పిలుపు కోసం తను చెవి ఒగ్గి కూర్చునేది.

"నీ వాళ్లెవరు లోపల?" అనడిగితే, "ఉన్నార్లే" అనేది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది.

"అవయవాలు ఇస్తానని మీ అబ్బాయి ఎప్పుడో పేరు రాయించుకున్నాడు. అయినా మీరు ఒప్పుకుంటేనే. ఆ గుండెతో ఒకరు బతుకుతారు."

"రాయించుకోడానికి వాడెవడు? ఒళ్లు వాడొక్కడిదా? నాది, వాళ్లమ్మది, మా తాతముత్తాతలది! వాళ్లిచ్చింది కత్తిగాటు పడకుండా వాళ్ల దగ్గరికే చేరాలి."

అరిచాడే గానీ, డాక్టరమ్మ వెళ్లగానే చాప దగ్గరికొచ్చి కూలబడ్డాడు.

"వాడి మాట ఎన్నడూ కాదన్లేదు చెల్లెమ్మా. నువ్వు చెప్పు. ఇమ్మంటే ఇచ్చేస్తాను."

ఆవిడ గోడ పట్టుకుంది. ఐసీయూ తలుపు వైపు చూసింది.

"నా బిడ్డయితే నేనూ ఇవ్వలేను అన్నయ్యా. ఇంటికి తీసుకెళ్లు."

తీసుకెళ్లాడు. సొంత మంచం మీద, ఊపిరి గొట్టం తీశాక, తండ్రి చేతుల్లో పిన్ గుండె ఆగింది. కొండవాలులో తల్లి పక్కనే పూడ్చారు.

మట్టి ఆరకముందే దెషెంగ్ ఆవిడ కోసం అక్రోట్లు మూటగట్టుకుని పట్నం బస్సెక్కాడు. తోడబుట్టినదానిలా నిలబడ్డ మనిషి, పేరైనా అడగలేదు.

వరండాలో చాప లేదు.

"ఇక్కడ ఉండే మా చెల్లెమ్మ ఏదమ్మా?"

నర్సు అతన్ని గుర్తుపట్టింది. తల దించుకుంది.

"కూతురి శవం తీసుకుని నిన్ననే ఊరెళ్లిపోయింది బాబాయ్."

"కూతురా? ఏం జబ్బు?"

"గుండె. మీ అబ్బాయిది సరిపోతుందని ఆవిడకు ముందే తెలుసు."