అస్సాఫ్ తుపాకి

నయీఫ్ బల్లమీద గోనెపట్టా మూట ఒకటి దభీమని పడింది.

కాఫీ కప్పు తొణికింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఎండిన అంజూరపు కొమ్మలాంటి ముసలాయన.

"దీని నోరు మూసిపెట్టు నాయనా," అన్నాడు.

నయీఫ్ నవ్వుకున్నాడు. ఆ లెబనాన్ కొండమీది తుపాకులన్నీ చివరికి అతని దగ్గరికే వస్తాయి. అంతర్యుద్ధం ఆగాక ఊరూరా తిరిగి వాటిని ఏరుకొచ్చాడు. గొట్టంలో ఇనుము కరిగించి పోసి, ఇక పేలవని తేల్చుకున్నాక, తాత కట్టించిన ఆలివ్ గానుగ కొట్టంలో గోడలకి వేలాడదీశాడు. పక్కనే తుప్పు పట్టిన హెల్మెట్లు, పేలిన ఫిరంగి గుండ్ల తొడుగులు. బేరూట్ నుంచి బస్సుల్లో వచ్చి మరీ చూసిపోతుంటారు.

'తుపాకి చూపించు, పట్టినవాడి జాతకం చెప్తా' అనేది అతని ఊతపదం. ఇంతవరకూ తప్పింది లేదు.

మూట విప్పి గొట్టంలోకి కన్ను పెట్టాడు.

"ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన సరుకు. బాగా పేలింది. వేటకి మాత్రం కాదు."

"కాదు."

"మరి ఏ పోరులో?"

"పోరులో కాదు. క్వారీలో."

నయీఫ్ చేతులు ఆగిపోయాయి.

"నీ పేరు?"

"అస్సాఫ్."

ఆ పేరు ఎరగనివాళ్ళు ఆ కొండమీద లేరు. యుద్ధం రోజుల్లో లోయ అవతలి ఊరివాళ్ళు చిక్కితే ఇవతలి సాయుధ దళం వాళ్ళు క్వారీకి తోలేవారు. అక్కడ కాల్చే పని అస్సాఫ్‌ది. ఎవర్నీ వెంట రానిచ్చేవాడు కాదు. మోత మాత్రం ఊళ్ళోకి వినిపించేది. శవాల్ని కూడా తనే లోయలోకి దొర్లించేస్తాడని చెప్పుకునేవారు. మారాం చేసే పిల్లల్ని తల్లులు ఆ పేరుతోనే భయపెట్టేవారు.

నయీఫ్ తుపాకిని అవతలికి నెట్టేశాడు.

"ఇది నా గోడ ఎక్కదు."

"ఎక్కించమని ఎవరన్నారు? నోరు మూసి ఏ బావిలోనో పడెయ్."

"ఇక్కడున్నవన్నీ ఎదురుగా నిలబడి పోట్లాడినవాళ్ళవి. చేతులు కట్టేసినవాళ్ళని కాల్చినవి కావు."

"నిజమే."

"ఒక్కడైనా తప్పించుకున్నాడా నీ చేతిలోంచి?"

"నా గురి ఎప్పుడూ తప్పలేదు."

ఆ మాటలో గర్వం లేదు, సిగ్గూ లేదు. నయీఫ్‌కి ఒళ్ళు మండింది.

"చెప్పుకోడానికి నోరెలా వచ్చింది పెద్దాయనా?"

"నాకు రోజులు దగ్గరపడ్డాయి. పిల్లాజెల్లా లేరు. నేను పోయాక ఇది ఏ కుర్రవెధవ చేతికో చిక్కుతుంది. అది నాకిష్టం లేదు."

"ఇన్నాళ్ళకి పాపం గుర్తొచ్చిందన్నమాట."

"పాపపుణ్యాలు పైవాడు చూసుకుంటాడు. నువ్వు తుపాకి సంగతి చూడు."

"చూడను. వెళ్ళు."

ముసలాయన మూట కట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు.

నయీఫ్ భార్య ముఫీద వంటింట్లోంచి వచ్చింది. "గడప తొక్కినవాడికి కాఫీ అయినా పొయ్యలేదేం?"

"ఆ చేత్తో పట్టుకున్న కప్పుతో నువ్వు మళ్ళీ తాగగలవా?"

ముఫీద వీధిలోకి తొంగి చూసి, "మూట గుమ్మంలోనే వదిలేసి పోయాడు," అంది.

నయీఫ్ దాన్ని కాలితో తోసుకుంటూ తీసుకెళ్ళి పాత ఇనుము కొట్లో పారేశాడు.

చలికాలం వానలు మొదలయ్యాయి. ఒకనాడు పొద్దున్నే అస్సాఫ్ పోయాడని కబురొచ్చింది.

నయీఫ్ కోటు తొడుక్కున్నాడు.

"నువ్వా? అక్కడికా?" అంది ముఫీద.

"ఎవరో ఓ దూరపు చుట్టమైనా ఉంటాడుగా. ఆ దరిద్రాన్ని మన కొట్లోంచి పట్టుకుపొమ్మని చెప్పొస్తా. అయినా ఎవరొస్తార్లే, పాడె మొయ్యడానికి నలుగురు దొరికితే గొప్ప."

తీరా వెళ్ళి చూస్తే అస్సాఫ్ ముంగిట్లో కాలు పెట్టే సందు లేదు. గోడ బయట వానలోనే నిలబడి ఉన్నారు జనం. ఊరివాళ్ళు ఒక్కరూ లేరు. అంతా లోయ అవతలివాళ్ళే. యుద్ధమయ్యాక వాళ్ళు ఈ కొండ ఎక్కడం అదే మొదలు.

శత్రువు చచ్చాడని రూఢి చేసుకోడానికి వచ్చుంటారు, అనుకున్నాడు నయీఫ్. వాళ్ళమీద జాలేసింది.

చావింట్లో పోసే చక్కెర లేని కాఫీ కప్పు చేతికిచ్చాడు ఓ నడివయసు మనిషి. నయీఫ్ గొంతు తగ్గించి అడిగాడు.

"మీవాళ్ళని కూడా కాల్చాడా బాబూ?"

"కాల్చాడు. మా నాన్ననీ, మా తమ్ముణ్ణీ."

"దేవుడు వాళ్ళకి శాంతినివ్వాలి."

ఆ మనిషి వింతగా చూశాడు.

"అదుగో మా నాన్న. గోడ పక్కన ఏడుస్తున్నాడే, ఆయనే. తమ్ముడు శవపేటిక దగ్గరున్నాడు."

నయీఫ్ చేతిలో కప్పు పెదాల దాకా వెళ్ళలేదు.

"పేల్చే ముందు చెవిలో చెప్పేవాడట. 'మోత వినగానే పడిపో, పొద్దుగూకాక లోయలోకి దిగు' అని. గుండు బండకి తగిలేది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకునేవాడు. దళం వాళ్ళకి తెలిస్తే ఆయన్నీ అక్కడే నిలబెడతారుగా. ఆ దళం పెద్దలింకా బతికే ఉన్నారని, యుద్ధం ముగిశాక కూడా ఆ ఒట్టు తియ్యలేదు."

నయీఫ్ ముంగిలంతా కలయజూశాడు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, కర్రల ఊతంతో నిలబడ్డవాళ్ళు.

"మరి వీళ్ళందరూ?" అన్నాడు.

ఆ మనిషి ఖాళీ కప్పులు ఏరుకుంటూనే చెప్పాడు.

"ఆయన కాల్చినవాళ్ళే."