ఇంకో చుక్క

చనిపోయినవాళ్ల కణాలు ల్యాబ్‌లో పెరుగుతుంటే, ఏడాదికోసారి, వాళ్లు పోయిన తేదీన, ఇంటివాళ్లు వచ్చి వాటికి స్వయంగా తినిపించవచ్చు. సహస్ర పొద్దున్నే శామీర్‌పేటలోని ల్యాబ్‌కు వెళ్లి వరుసలో నిలబడింది. ఆరేళ్ల కూతురు ఆద్య పోయి నేటికి ఏడాది. ఆ పిల్ల మూలకణాల నుంచి పెంచిన తెల్ల రక్తకణాల మీదే ఇప్పుడు కొత్త మందులు పరీక్షిస్తున్నారు.

ల్యాబ్‌లో పనిచేసే ప్రణవి డ్రాపర్ చేతికిచ్చింది. "దీంట్ల సచ్చిన క్రిములుంటయక్కా. ఒక్క చుక్క చాలు."

చుక్క పడగానే మైక్రోస్కోప్ తెర మీద కణాలు ఆవురావురుమంటూ క్రిములను మింగేశాయి. ఆస్పత్రిలో ఆఖరి తొమ్మిది రోజులూ పిల్ల నోటికేమీ పెట్టొద్దన్నారు. "ఒక్క ముద్దే మమ్మీ" అని ఆద్య బతిమాలితే, బతుకుతుందన్న ఆశతో సహస్ర గిన్నె దాచేసింది.

ఆమె రెండో చుక్క వేసింది. మూడోదీ వేసింది.

"ఇగ పెట్టకక్కా," ప్రణవి మెల్లగా అంది. "ఎక్కువ తింటే పగిలి సచ్చిపోతయి. మళ్ల పెంచనీకి మూలకణాలు గూడ లెవ్వు."

అప్పుడూ ఇలాగే చెప్పారు. అప్పుడు ఆమె వింది.

"దానికి ఆకలైతుంది చెల్లె," అంటూ సహస్ర ఇంకో చుక్క వేసింది.