దేవత పాదం

"సంచి తెరవండి పెద్దమ్మా!"

"తెరవను."

సముద్రం పక్కనున్న పాతకాలపు గుడి శిథిలాల గేటు దగ్గర కాపలాదారు థనాస్ చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా డెబ్బైకి దగ్గర పడ్డ లుమ్తూరి. భుజాన పూల పూల బీచ్ సంచి. తువ్వాలు పెట్టుకునే సంచే, కానీ దాని బరువుకు ఆవిడ ఒక పక్కకు ఒరిగిపోయింది.

"ఏముంది అందులో?"

"ఈత బట్టలు."

"రాళ్ళతో కుట్టించారా?"

బయట బస్సు హారన్ మోగింది. డ్రైవర్ కుయ్తిమ్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "అన్నా, వదిలెయ్! పొద్దున నీలం ఊట చూడ్డానికి గంటసేపు తినేశారు, ఇక్కడ రెండు గంటలు. కొండల్లోని కోర్చా ఊరి నుంచి నలభై మంది ముసలాళ్ళని సముద్రంలో ముంచుతానని మాటిచ్చి తెచ్చాను. ఎండ దిగిపోతోంది!"

థనాస్ వినిపించుకోలేదు. జిప్పు లాగాడు. తువ్వాలు కింద పాలరాయిలా తెల్లగా ఒక పాదం. చీలమండ దాకా ఉంది. ఐదు వేళ్ళు, చెప్పు పట్టీ, అన్నీ చెక్కినట్టున్నాయి. అతని గుండె ఎగిరి గంతేసింది. ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో గోడల వెనక ముద్దులు పెట్టుకునే జంటల్నీ, దారి తప్పిన మేకల్నీ తప్ప ఎవరినీ పట్టుకున్న పాపాన పోలేదు. ఇవాళ ఏకంగా గుళ్ళో దేవత పాదం!

"దొంగతనం!" అన్నాడు, సంతోషం ఆపుకోలేక.

"నేను తియ్యలేదు నాయనా, పెట్టిపోదామని తెచ్చాను. ఎక్కడ వంగినా మీవాడెవడో ఒకడు 'ఏం వెతుకుతున్నావమ్మా' అంటూ తగులుకున్నాడు. విసుగొచ్చి మళ్ళీ మోసుకుపోతున్నా."

"దొరికిన దొంగలంతా పెట్టిపోదామనే వస్తారు."

"వాసన చూడు."

"ఏంటి?"

"చూడవయ్యా!"

థనాస్ వంగి పాదాన్ని వాసన చూశాడు. పులిసిన క్యాబేజీ కంపు ముక్కు పట్టేసింది.

"నలభై రెండేళ్ళుగా మా ఊరగాయ జాడీలో క్యాబేజీ పైకి తేలకుండా దీన్నే బరువు పెట్టాను" అంది లుమ్తూరి. "మా ఆయన రాకిప్ తీశాడు దీన్ని. అప్పటికింకా మా ఆయన కాదులే. కార్మికుల సెలవు శిబిరానికని ఈ పక్కనే సరాందా తీరానికి వచ్చాం. మూడుసార్లు పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు, మూడుసార్లూ పొమ్మన్నా. పోస్టాఫీసులో ముద్రలు కొట్టే మనిషి, తన నీడకే జడుసుకునేవాడు. నాలుగోసారి ఈ పాదాన్ని చొక్కాలో దాచి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. 'నీకోసం దేవత కాలు విరగ్గొట్టాను' అన్నాడు. ఆ రోజుల్లో దొరికితే పదేళ్ళ శిక్షేసి గనుల్లో పడేసేవాళ్ళు. నాకోసం ఒక మగాడు అంత తెగించాడంటే ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే సరేనన్నాను."

"మరి ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు తెచ్చారు?"

"మొన్న చలికాలంలో పోయాడు. పైలోకంలో ఆ దేవత కుంటుకుంటూ వచ్చి నిలదీస్తే ఏం చెప్పుకుంటాడు, పిచ్చి మనిషి?"

థనాస్‌కి పోలీసులకు ఫోన్ చెయ్యాలంటే మనసు రాలేదు. వదిలెయ్యాలంటే ఉద్యోగం అడ్డొచ్చింది.

ఈలోగా కుయ్తిమ్ బస్సు దిగి ఊడిపడ్డాడు. "ఇటివ్వండి, ఆ పొదలో పెట్టేస్తా, నీకు దొరికిందని చెప్పుకో. పెద్దమ్మకి పుణ్యం, నీకు పేరు, మాకు సముద్రం!" అంటూ పాదాన్ని లాక్కున్నాడు. వాడి చేతులు ఎండకు రాసుకున్న క్రీముతో జిడ్డోడుతున్నాయి. పాదం జారింది. గేటు రాతి మెట్టు మీద పడి రెండు ముక్కలైంది.

రోమన్లనీ టర్కీవాళ్ళనీ తట్టుకున్న దేవత, చివరికి థనాస్ గేటు దగ్గర, అతని కళ్ళముందే పోయింది! థనాస్ నెత్తి పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒక ముక్క తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. విరిగిన చోట తుప్పు పట్టిన ఇనుప చువ్వ పొడుచుకొచ్చి ఉంది.

అతను గట్టిగా ఊపిరి వదిలి నవ్వేశాడు.

"పెద్దమ్మా, ఇది సిమెంటు! అప్పట్లో కింద బీచ్ దుకాణంలో వరసగా పేర్చి అమ్మేవాళ్ళు. మా అమ్మ కూడా తలుపు కొట్టుకోకుండా ఒకటి అడ్డం పెట్టేది. ఇక కేసూ లేదు, పాపమూ లేదు. మీ ఆయన చీమకు కూడా అన్యాయం చెయ్యలేదు. హాయిగా వెళ్ళి స్నానం చెయ్యండి."

లుమ్తూరి ఆ ఇనుప చువ్వ వంక చూసింది. ముఖం ఎర్రబడింది. తలెత్తి, ఆకాశంలోకి వేలు చూపించి, బస్సులో నలభై మందికీ వినపడేలా అరిచింది.

"ఒరేయ్ రాకిప్! దొంగని చేసుకున్నానని నలభై రెండేళ్ళు తల ఎగరేసుకుని బతికాను కదరా, కొనుక్కొచ్చావా సన్నాసీ!"