నాయిన పేరు

"పిల్ల నీది కాదంటున్నవ్. అత్వెల్లి ఊర్ల ఎవర్నడిగినా యోబు బిడ్డనే అంటున్నరు. ఇగ నేనేది నమ్మాలె?"

మేడ్చల్ కచేరీలో తహసీల్దారు అలా అడిగేసరికి యోబు తల వంచుకున్నాడు. పక్కనే రంగూను నుంచి వచ్చిన పరంజ్యోతి చేతిలోని టోపీని నలుపుతూ నిలబడ్డాడు.

"పెంచింది నేనే సాబ్. కన్నది మాత్రం గీయన," అన్నాడు యోబు. "రంగూన్ల జపానోళ్ల బాంబులు పడ్డప్పుడు జనమంత అడివి పట్టుకొని నడిచొచ్చినం. దారిల గీయన భార్యకు కలరా తగిలింది. పానం ఇడిసేముందు సంటిపిల్లను నా చేతిల వెట్టి, మొగని పేరు, ఆయన పనిజేసే మిల్లు పేరు జెప్పింది. యుద్ధం అయినంక నేనే కబురంపిన."

"మిల్లు వాళ్లు నన్ను కదలనివ్వలేదండీ. ముందు ఆడవాళ్లని పంపించేశాం," అన్నాడు పరంజ్యోతి. "తల్లీ పిల్లా ఇద్దరూ పోయారనే అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే బతికాను."

తహసీల్దారు కఠినుడేమీ కాడు. కానీ రోజులు మారాయి. ఒకప్పుడు టిక్కెట్టు కొన్న ప్రతివాడూ రంగూను ఓడ ఎక్కేవాడు. ఇప్పుడు పాస్‌పోర్టు ఉండాలి, బర్మా సర్కారు అనుమతి ఉండాలి. పిల్ల పేరు తండ్రి పాస్‌పోర్టులో ఎక్కాలంటే ఆమె ఆయన బిడ్డేనని విచారణలో తేలాలి. రుజువు చూపిద్దామంటే పిల్ల పుట్టిన ఆసుపత్రే బాంబులకు కాలిపోయింది. పరంజ్యోతికి ఇచ్చిన గడువు కూడా దగ్గరపడింది. ఈ ఓడ తప్పితే ఆయన్ని కూడా బర్మాలోకి రానివ్వరు.

"పనికని ఆడపిల్లల్ని ఓడలెక్కించి అమ్ముకునేటోళ్లు గూడ ఉన్నరు. నేను ఊకనే సంతకం చెయ్య," అన్నాడు తహసీల్దారు లేస్తూ. "పిల్లనే అడుగుత. నాయిన ఎవరో ఆమె నోటితోని జెప్పాలె. నీ పేరు జెప్పిందంటే ఇగ గీయన ఒక్కడే పోవాలె. నేను నమాజు చేసుకొని వస్త, అప్పటికి తోలుకరా."

కచేరీ అరుగు మీద ఆ పిల్ల, రూతమ్మ, కాళ్లు ఊపుకుంటూ పుట్నాలు తింటోంది. యోబు వెళ్లి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు.

ఏమీ చెప్పకుండా ఊరుకుంటే చాలు. పిల్ల తనంతట తానే యోబు పేరు చెబుతుంది. అత్వెల్లిలోనే ఉండిపోతుంది. పొద్దున పిల్లకు తల దువ్వి, ముఖం అటు తిప్పుకుని కూర్చున్న తన భార్య దానమ్మ కూడా మళ్లీ మనిషవుతుంది.

తలెత్తి చూశాడు. పరంజ్యోతి దూరంగా గోడ పక్కన నిలబడి ఉన్నాడు. దగ్గరికి రావడానికి కూడా భయపడుతున్నాడు. పిల్ల పుట్నం గింజ ఎగరేసి నోటితో పట్టుకుంటే ఆయన పెదాలు నవ్వాయి, కళ్లు మాత్రం నీళ్లతో నిండాయి. యోబు ఇక చూడలేకపోయాడు.

"బిడ్డా," అన్నాడు. "లోపల సాబ్ నీ నాయిన పేరేందని అడుగుతడు. పరంజ్యోతి అని జెప్పాలె."

రూతమ్మ నమలడం ఆపింది. "నువ్వు గదా నాయినవు?"

"కాదు బిడ్డా. ఆయనే," అని గోడ పక్కనున్న పరంజ్యోతిని చూపించాడు. ఇన్నాళ్లూ నోటికి రాని మాట ఎలాగో బయటపడింది. "సాబ్‌కు గట్లనే జెప్పాలె. నా పేరు అసలే ఎత్తొద్దు."

"ఎత్తితే ఏమైతది?"

"ఆయన పని కాదు. మస్తు దూరంకెళ్లొచ్చిండు, పాపం."

రూతమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ తర్వాత, పెద్దమనిషిలా తల ఊపింది. యోబు ఇంకా చెప్పబోయాడు. ఇంతలో చప్రాసీ వచ్చి లోపలికి పిలిచాడు.

తహసీల్దారు పిల్లను దగ్గరికి రమ్మన్నాడు. "నీ నాయిన పేరేంది బేటీ?"

"పరంజ్యోతి."

"ఏడీ, సూపియ్యి?"

రూతమ్మ నేరుగా వెళ్లి పరంజ్యోతి చెయ్యి పట్టుకుంది. తహసీల్దారుకు ఇంకా అనుమానం తీరినట్టు లేదు. యోబు వైపు వేలు చూపించాడు.

"మరి గీ మనిషి ఎవరు?"

ఆ ప్రశ్నకు జవాబు యోబు నేర్పలేదు. రూతమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. రెప్ప కూడా వెయ్యలేదు.

"నాకు తెల్వదు."

తహసీల్దారు సంతకం పెట్టాడు, ముద్ర వేశాడు. పరంజ్యోతి వంగి యోబు కాళ్లు పట్టుకోబోతే యోబు ఆయన్ని లేపి, "సాయంత్రం బండికే పోన్రి. ఆమె నీళ్లు ఎక్కువ తాగుతది, రైల్ల యాది వెట్టుకోన్రి," అన్నాడు.

యోబు మెట్లు దిగాడు. తను కోరినట్టే అయింది. అయినా పిల్ల మాట గుండెల్లో ముల్లులా దిగింది. ఊరాయన అన్నా బాగుండేది. ఎవరో మామ అన్నా బాగుండేది. వానలో, బురదలో, గుండెకు కట్టుకుని మోసుకొచ్చిన పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది! పోనీలే, అదీ ఒకందుకు మంచిదే. ఏడవకుండా పోతుంది. అలా అనుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా, అత్వెల్లి బాట పట్టాడు.

వెనకాల పరుగెత్తుకొస్తున్న చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. చిన్న చెయ్యి ఒకటి ఆయన వేలు గట్టిగా పట్టుకుంది.

"మంచిగ జెప్పిన గద నాయినా? ఆయన పని అయిపాయె. ఇగ మనింటికి పోదాం పా!"